కాలేజీ కాయితంలో మా బోరు

మన ఊళ్లో ఎవరి బోరులో ఎన్ని నీళ్లున్నాయో ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లు కాదు. ముందు అది రాసుకో, లేకపోతే తర్వాతిది ఎవరికీ అర్థం కాదు. ఆవు ఎన్ని పాలిస్తుందని అడిగితే ఏ ఇల్లాలైనా సగం తగ్గించి చెబుతుంది కదా, ఇదీ అలాంటిదే. రెండించుల నీళ్లు పడినవాణ్ణి అడిగితే "ఏముందప్పా, నాలిక తడుస్తాది" అనేవాడు. చుక్క లేనివాడు, ఇంటికి సంబంధం వాళ్లు వచ్చినప్పుడు, "ఆపితే ఆగదు, అట్ల పోస్తాండాది" అనేవాడు. దాన్ని అబద్ధం అనుకునేవాళ్లమే కాదు.

మీ తాతా నేనూ మాటతో ఆగలేదు. మేం పెద్ద పనే చేశాం.

మన చేను నువ్వు పుట్టేసరికే మారిపోయింది, అందుకే వివరంగా చెబుతున్నా. శింగనమల చెరువు మనకు మరీ దూరం కాదు గానీ మన ఊరు మెరకలో ఉంది, ఆ నీళ్లు ఇటు ఎక్కవు. బోరు ఒక్కటే దిక్కు. చేను రెండు మెట్లు. ఎగువ మెట్టు గుట్ట కింద, దిగువ మెట్టు వంక పక్కన. తొంభైలలో ఎగువ మెట్టులో బోరు వేస్తే నీళ్లు పడ్డాయి. ఆ నీళ్లను నమ్మి మీ తాత చీనీ మొక్కలు, టౌన్లో బత్తాయి అంటారే అవి, పెట్టాడు. చీనీ చెట్టు కాపుకు రావాలంటే ఐదారేళ్లు పసిబిడ్డను సాకినట్టు సాకాలి. ఒక్క ఎండాకాలం నీళ్లు తప్పితే అంతవరకూ సాకింది గాలికి పోతుంది. నాలుగో ఏట, చెట్లు నా భుజం దాకా వచ్చినప్పుడు, ఆ బోరు నీళ్లు మానేసి గాలి కక్కడం మొదలుపెట్టింది.

దిగువ మెట్టులో ఇంకో బోరు వేశాం. బోరుబండి పగలంతా తోలింది. తెల్లపొడి తప్ప ఏమీ రాలేదు. ఊరంతా వచ్చి చూసి, అయ్యో పాపం అని పోయారు. మూడో రోజు మీ తాత ఊరికే ఒక గులకరాయి ఆ పైపులో వేశాడు. వేసి చెవి పెట్టాడు. లేచి నన్ను పిలిచి, "నువ్వొకటి ఎయ్యి" అన్నాడు. నేను వేశాను. బుడుంగుమంది. బండి పోయిన తర్వాత బండ సందుల్లోంచి నీళ్లు ఊరి నిండాయి.

ఆయన నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. అరుస్తానేమోనని.

ఎందుకంటే ఆ బోరుకు పది అడుగుల అవతల గట్టు, ఆ గట్టు అవతల నా మరిది చేను. మీ తాత చిన్నాన్న కొడుకు. వాడిదీ చీనీ తోటే, వాడి బోరూ చచ్చేలా ఉంది. ఇక్కడ నీళ్లున్నాయని తెలిస్తే వాడు గట్టు పక్కనే ఇంకోటి దింపుతాడు. ఊళ్లో అంతకు ముందే ఇద్దరన్నదమ్ములు అలా పోటీపడి పక్కపక్కన వేసి, ఇద్దరూ ఎండబెట్టుకున్నారు. భూమి లోపల గట్లుండవు కదా.

కాబట్టి మేం ఇలా చేశాం. ఊరంతా పక్క ఊరి జాతరకు పోయిన రోజు మా పుట్టింటి అన్నదమ్ములను పిలిపించి, ఎగువ బోరులోని మోటారు పీకి దిగువ బోరులో దించాం. అంతకు ముందే ఎగువ నుంచి దిగువకు కాలువ తవ్వి పైపు పూడ్చాం. ఊళ్లో అడిగితే, పై బోరు మళ్లీ ఊరుతోంది, పైనుంచి కిందికి నీళ్లు తెస్తున్నాం, శెనక్కాయకు అని చెప్పాం. నిజానికి నీళ్లు కింది నుంచి పైకి పోయేవి. లోపల మునిగి ఉండే మోటారు కాబట్టి చప్పుడు ఉండదు. స్టార్టరు పెట్టె ఎగువ షెడ్డులోనే ఉంచాం. ఆ షెడ్డు పక్కన సిమెంటు తొట్టిలో నీళ్లు దూకేవి. చూసినవాళ్లంతా ఎగువ బోరు మళ్లీ ఊరిందనుకున్నారు. దిగువ బోరు పైన తుమ్మకంప కుప్పగా వేశాం, గొర్రెలు కూడా దగ్గరకు రాకుండా.

అప్పటి నుంచి నా ప్రాణమంతా ఆ కంపకుప్ప కిందే ఉండేది. నిద్ర లేవగానే ముందు దానివైపు చూసేదాన్ని.

ఆ ఏడే ఆ పిల్ల వచ్చింది. టౌన్లో కాలేజీలో చదువుతోంది. వాళ్లది ధర్మవరం వైపు మగ్గాల ఇల్లు, చేలో నడిచిన అలవాటు లేదు. చెప్పుల నిండా పల్లేరుకాయలు గుచ్చుకుని, కుంటుతూ వచ్చి మా షెడ్డు నీడలో కూలబడింది. ఊళ్లో ప్రతి బోరూ ఎప్పుడు వేశారు, ఎంత లోతు, నీళ్లు పడ్డాయా లేదా, అన్నీ రాసుకుంటోంది. దాని మీద పుస్తకం రాసి కాలేజీలో ఇస్తేనే పరీక్ష పాసు చేస్తారట.

నేను మజ్జిగ ఇచ్చాను. తాగి పుస్తకం తెరిచింది.

"మీకు ఎన్ని బోర్లుండాయి పెద్దమ్మా?"

"రెండు."

"రెండింట్లోనూ నీళ్లుండాయా?"

"ఇదో, ఈ పైదాంట్లో ఉండాయి. కిందది ఒట్టి దుమ్ము. దాని సంగతి అడగాకు పాపా, కడుపు మండుతాది."

"అట్లనే పెద్దమ్మా, అడగనులే" అంటూ ఆ పిల్ల రాసుకుంది. నాకు ఏమీ అనిపించలేదు. అడిగినవాళ్లందరికీ చెప్పేదే ఆమెకూ చెప్పాను. ఇంకో వారానికి వాళ్ల సార్ స్కూటర్ మీద వచ్చి, ఆ పిల్ల రాసినవన్నీ నిజమా కాదా అని చేలు తిరిగాడు. మన తొట్టిలో దోసిలి పట్టి తాగి, "తియ్యగుండాయమ్మా" అన్నాడు. దేవుడిచ్చినాడు సార్ అన్నాను. తర్వాత ఇద్దరూ వెళ్లిపోయారు, మేం మర్చిపోయాం.

కొన్నేళ్లకు ఆ పిల్ల మళ్లీ వచ్చింది. ఈసారి కాలేజీలోనే పాఠాలు చెబుతోంది. చేతిలో మన ఊరి పటం. నీళ్లున్న బోర్లకు నీలం చుక్క, ఎండినవాటికి ఎర్ర చుక్క. నాకు అక్షరాలు కూడబలుక్కుని చదవడమే వచ్చుగానీ పటంలో మన చేను ఇట్టే పట్టేశాను. పైన నీలం, కింద ఎరుపు.

కాలేజీలో పిల్లలూ సార్లూ చేసిన పరిశోధనలన్నీ బీరువాల్లో చెదలు తింటున్నాయని, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారట. తాళం లేని బీరువా లాంటిది పెద్దమ్మా, అని చెప్పింది.

"దాన్ని ఎవురు చూస్తారు?"

"ఎవురైనా. కలెక్టరాఫీసోళ్లు చూడొచ్చు, ఇంకో ఊరి రైతులు చూడొచ్చు. బెంగళూర్లో కూచోని చూడొచ్చు. దుడ్లు కట్టే పన్లేదు, ఒకర్ని అడిగే పన్లేదు."

"మా మరిది చూడొచ్చా?"

ఆ పిల్ల నవ్వింది. "ఆయప్ప కంప్యూటరు తావకొస్తే చూడొచ్చు. యాల, చూపించల్లనా?"

"వద్దులే. వాడు వాళ్లింట్లో దూడనే సరిగా చూసుకోలేడు."

"అందరికీ కనపడేముందు ఒగసారి ఇల్లిల్లూ తిరిగి సరిచూసుకుంటాండా. తప్పుంటే ఇప్పుడే దిద్దుతా. మీ రెండు బోర్లూ సరిగ్గుండాయా?"

ఆ పిల్ల వేలు సరిగ్గా ఆ ఎర్రచుక్క మీద ఉంది. అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఇది రాయొద్దు, మా రెండు చుక్కలూ తీసెయ్ అన్నా తీసేసేదేమో. కానీ అలా అంటే అనుమానం వస్తుందని భయం. పైగా తాళం లేని బీరువా అంది. అందరూ చూసేదాంట్లో నిజం ఎలా పెట్టమంటాను.

"సరిగ్గుండాది" అన్నాను.

ఆ తర్వాత రెండేళ్లకు వచ్చింది కరువు. మనకు కరువు కొత్త కాదు గానీ, అది వేరు. విత్తిన శెనక్కాయ మొలిచి, రెండాకులు చూపించి, మాడిపోయింది. మరుసటేడు మొలవను కూడా లేదు. ఊరి మంచినీళ్ల బోరు ఎండింది. ట్యాంకరు ఒకరోజు వస్తే రెండు రోజులు రాదు. అది వచ్చే దారిలో బిందెలు వరసగా పెట్టి, ఎవరి బిందెలో వాళ్లు రాయి వేసి గుర్తు పెట్టుకునేవాళ్లు. రాళ్లు మారాయని జుట్లు పట్టుకున్నారు. చీనీ తోటలు ఒక్కొక్కటే పోతున్నాయి. మరిది తోట మూడొంతులు ఎండింది. మనది పచ్చగా ఉంది. మన తొట్టిలో ధార సన్నబడింది గానీ ఆగలేదు.

తాగడానికి ఎవరైనా వస్తే ఇంటికి రెండు బిందెలు పట్టుకోనిచ్చేదాన్ని. అంతకంటే ఎక్కువ ఇస్తే చెట్లకు చాలదు. ఊరు తాగేది వందల బిందెలు, అది కూడా రాసుకో. నేను మంచిదాన్నని చెప్పడానికి కాదు.

అప్పుడు ఇంజనీరు వచ్చాడు. ఊరికి ఒక బోరు మంజూరైందట. ఒక్కటే. పడకపోతే ఆ ఏడు మళ్లీ ఇవ్వరు. మిషను పెట్టి భూమిని పరీక్ష చేసేవాళ్లు వచ్చేసరికి ఎండాకాలం అయిపోతుంది, జిల్లా అంతా ఇదే గోల అన్నాడు. స్కూలు వరండాలో అందరినీ కూర్చోబెట్టి, సంచిలోంచి కాగితాలు తీశాడు. నీలం చుక్కలు, ఎర్ర చుక్కలు.

ఆ పటం నాకు తెలుసు. గోడకు ఆనుకున్నాను.

"ఇది కాలేజీ పాప చేసింది. కంప్యూటర్లో అందరికీ పెట్టినారు" అన్నాడు ఇంజనీరు. "మీ ఊరు ఊరంతా ఎర్రగా ఉండాది. గుట్ట కింద మాత్రం ఈ నీలం చుక్క ఇప్పటికీ పోస్తాండాది కదా. దాని పక్కన సర్కారు జాగాలో ఏస్తాం."

బోరు పాయింట్లు చూసే పెద్దాయన ఒకడు ఉండేవాడు, అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడుస్తాడు, నీళ్లున్న చోట అది నిలబడుతుందంటాడు. ఆయన లేచి, "నాకు ముందే తెలుసు సార్, గుట్టకింద గంగమ్మ ఉండాది" అన్నాడు.

"అన్నీ ముందే తెలిస్తే మీ ఇంట్లో మూడు బోర్లు యాల పోయినాయి మామా?" అని ఎవరో అన్నారు.

"సొంతానికి పనిచెయ్యదప్పా. డాక్టరు తనకి తాను సూదేసుకుంటాడా?"

అందరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత ఊళ్లో అంతమంది నవ్వడం విన్నాను. ఆడవాళ్లయితే అప్పుడే కొళాయి ఎక్కడ పెట్టాలో మాట్లాడుకుంటున్నారు.

ఇంటికి వస్తూ దారిలో మీ తాతతో అన్నాను.

"ఆడ పడవు. నీకు తెలుసు, నాకు తెలుసు."

"భూమి లోపలికి దిగి చూసొచ్చినావా? పడినా పడొచ్చు."

"మనది ఆడే గదా గాలి కక్కింది."

ఆయన నడక ఆపలేదు. "ఏమ్మే, చెప్తే ఏమయితాదో చెప్పనా. కంప తీసేస్తారు. మన పక్కనే ఒకటి ఊరికేస్తారు. దాని పక్కన నీ మరిది ఒకటేస్తాడు. నెల తిరిగితే మన చెట్లు పొయ్యిలోకి. పదేండ్లు సాకినామే."

"ఊరికి నీళ్లు..."

"ట్యాంకరు వస్తాండాది కదా."

అంతా ఆయన మీద పెట్టి చెప్పడం న్యాయం కాదు. నేను కూడా పడొచ్చులే అనుకున్నాను. అలా అనుకుంటే ఊపిరాడింది.

బోరుబండి వచ్చిన రోజు ఆడవాళ్లందరూ పసుపు కుంకుమ పట్టుకుని వచ్చారు. మొదటి గొట్టానికి పూజ చేశారు. బండి తోలడం మొదలుపెట్టగానే పొడి లేచింది. కాసేపు ఎర్రగా, తర్వాత బూడిదరంగు, తర్వాత తెల్లగా. తెల్లపొడి వచ్చిందంటే గట్టిబండ అని మన ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా ఎవరూ కదల్లేదు. ఇంకో గొట్టం, ఇంకో గొట్టం. అందరి తలలూ కనుబొమ్మలూ పొడితో తెల్లబడ్డాయి. పొద్దు వాలేటప్పుడు డ్రైవరు ఇంజను ఆపి, ఇక గొట్టాల్లేవు అన్నాడు. ఆ నిశ్శబ్దంలో మన తొట్టిలో నీళ్లు పడే చప్పుడు వినిపించింది. ఇరవై బారల్లో. అందరూ అటు చూశారు.

"నీ అదృష్టం అక్కా" అంది పక్కింటామె. కుళ్లుతో కాదు, మామూలుగానే అంది.

అంతే, బండి పోయింది. ఆ తర్వాత నెలన్నర ఎలా గడిచిందో చెప్పాలంటే నాకు నోరు రాదు. గొడ్లను తోలుకుపోయి సంతలో వదిలినట్టు అమ్మారు. స్కూల్లో మధ్యాహ్నం అన్నం ఆగింది, వండడానికి నీళ్లు లేక. పక్కింటామె కోడలు నెలలు నిండిన మనిషి, ట్యాంకరు వెనక బిందెతో పరుగెత్తి పడిపోయింది. ఆ రోజు ఆమెను ఆటోలో ఎక్కించింది నేనే. తల నా ఒళ్లో పెట్టుకున్నాను. బిడ్డ దక్కింది గానీ, ఆ దారి పొడుగునా నేను ఏం అనుకున్నానో రాయొద్దు.

ఊళ్లో తిట్లన్నీ కాలేజీ పిల్లకే. "దొంగ కాయితం రాసి పాసైపోయింది, ఈతూరి రానీ, ఆ చుక్కలన్నీ దాని మొగాన పెడతాం" అనేవాళ్లు. ఇంజనీరు కూడా కాలేజీకి పోయి అరిచాడట.

ఆ పిల్ల వచ్చింది. ఎవరూ పిలవలేదు, బస్సు దిగి తానే వచ్చింది. ఒక్కో చేనూ తిరిగి, ఒక్కో బోరూ మళ్లీ చూసింది. కొందరు మొహం మీదే తలుపు వేశారు. మిట్టమధ్యాహ్నం మన తొట్టి దగ్గరకు వచ్చింది. మీ తాత ఊళ్లో లేడు. ఆ పిల్ల మజ్జిగ అడగలేదు, నీళ్లు కూడా అడగలేదు. తొట్టి గట్టు మీద కూర్చుంది.

"నేను యాడ తప్పు రాసినా పెద్దమ్మా?"

నేను తొట్టిలో పడిన ఆకులు ఏరుతున్నాను.

"అన్నీ సరిపోతాండాయి. ఇదొగటే సరిపోలేదు. ఆడ ఏస్తే బండ, ఈడ నీళ్లు. మా సార్‌ని అడిగితే అట్ల కూడా ఉంటాదిలే అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు." చేతిలో పుస్తకం మూసింది. "నా పేరు పోతే పోయింది. ఊరి బోరు పోయింది కదా. నేను ఊరికే అడుగుతానా, నాకు తెలియల్ల. లేకుంటే ఇంకో ఊర్లో కూడా ఇట్లే రాస్తా."

ఆ పిల్ల అరిచి ఉంటే నేను కూడా అరిచేదాన్ని. ఆ మాట మెల్లగా అడిగింది.

"లే" అన్నాను. "చూపిస్తా రా."

దిగువ మెట్టుకు తీసుకుపోయి కంప లాగాను. ఏళ్ల నాటి కంప, ఒకదాంట్లో ఒకటి చిక్కుకుపోయింది. కర్రతో లాగాలని తోచలేదు, చేతులతోనే లాగాను. మోచేతుల దాకా గీరుకుపోయింది. ఆ పిల్ల కూడా ఒక కొమ్మ పట్టుకుంది. కింద పైపు కనిపించింది, దాని పక్కన వైరు, మోటారు గొట్టం భూమిలోకి పోయి ఉంది. ఆ గొట్టం మీద చెయ్యి పెట్టి చూసింది. లోపల నీళ్లు పోతుంటే చల్లగా ఉంటుంది.

చెయ్యి తియ్యకుండానే పైపు లోపలికి తొంగి చూసింది. తర్వాత, "ఇది రాయల్ల పెద్దమ్మా" అంది.

నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. నా రక్తం ఆమె చేతులకు అంటింది. "రాయద్దు తల్లీ. రాస్తే మా చెట్లు పోతాయి. నీ తప్పు కాదని ఊర్లో నేనే చెప్తా, ఇంకోటి ఏదన్నా చెప్తా. దీన్ని మాత్రం రాయద్దు."

"నేను రాసుకునింది మీ నోటిమాటే. మళ్లా మీ నోటిమాట లేకుండా రాయను. పోయి ఇంజనీరుకి కూడా చెప్పను." చేతులు విడిపించుకోలేదు. "మీరు కాలేజీకొచ్చి చెప్తే రాస్తాం. రాకుంటే ఆ ఎర్ర చుక్క అట్లే ఉంటాది. నేను ఇంగ ఈ ఊరికి రాను."

కంప మళ్లీ కప్పి పంపించాను. ఆ పిల్లే కప్పడానికి సాయం చేసింది. అది నన్ను చంపేసింది.

నాలుగు రోజులు ఆగాను. ఐదో రోజు మీ తాత పక్క ఊరికి పోగానే టౌను బస్సెక్కాను. కాలేజీ వాకిట్లో చెప్పులు విప్పబోతే వాచ్‌మన్ వద్దన్నాడు. లోపల లైబ్రరీలో గుడ్డలు కప్పిన కంప్యూటర్లు. ఆ పిల్ల ఒకదాని గుడ్డ తీసి నన్ను కూర్చోబెట్టింది. అద్దంలో మన ఊరి పటం. ఎంత చిన్న చుక్క అది. గింజంత లేదు.

వాళ్ల సార్ పక్కన నిలబడ్డాడు. నేను చెప్పాను. ఎప్పుడు వేశాం, ఎంత లోతు, మోటారు ఎప్పుడు మార్చాం, పైపు ఎక్కడ పూడ్చాం. ఆ పిల్ల టైపు చేసి, చదివి వినిపించి, సరేనా అని అడిగింది. సంతకం పెట్టాను.

"ఇంగ పాతది తీసేస్తారా సార్?" అని అడిగాను.

"తీసెయ్యమమ్మా. దాని ముందర ఈ పేజీ పెడతాం. పాతది అట్లే ఉండల్ల, యాడ తప్పు పోయిందో, ఎట్ల దిద్దినామో చూసేటోళ్లకి తెలియల్ల."

"మా అబద్ధం కూడా ఉంటాదా?"

"ఉంటాది" అన్నాడు. దయగానే అన్నాడు, కానీ ఉంటాదనే అన్నాడు.

బస్సు దిగి నేరుగా సర్పంచి ఇంటికి పోయి అక్కడ కూడా చెప్పాను. సాయంత్రానికి ఊరంతా మన దిగువ చేలో ఉంది. మగవాళ్లు కంప ఈడ్చి పారేశారు. కొడతారేమో అనుకున్నాను, కొట్టలేదు. పక్కింటామె నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నా కోడలు కడుపుతో ట్యాంకరెనక ఉరికింది. ఈడ నీళ్లుండాయని తెలిసీ దాని తల ఒళ్లో పెట్టుకున్నావా అక్కా?"

ఆమె మళ్లీ నాతో మాట్లాడింది పన్నెండేళ్ల తర్వాత.

మీ తాత ఆ గుంపు వెనక నిలబడి ఉన్నాడు. ఇంటికొచ్చాక నన్ను తిట్టలేదు. "నాకొక మాట చెప్పి పోవల్సింది" అన్నాడు. అంతే అన్నాడు.

ఊళ్లో కొత్త బోరు వేయడానికి మంజూరు లేదు కాబట్టి, మన బోరు నీళ్లనే ఊరి ట్యాంకుకు పైపు వేసి కలిపారు. పొద్దున ఊరికి, మధ్యాహ్నం నుంచి చెట్లకు. ఒక నెల అలా సర్దుకున్నాం. చెట్లు ఆకు ముడుచుకున్నాయి గానీ చావలేదు. బతుకుతాయనే అనుకున్నాం.

తర్వాత ఒక ఉదయం గట్టు అవతల బోరుబండి కనిపించింది. నేను పరుగెత్తాను. మరిది గట్టు మీదే నిలబడి ఉన్నాడు. వాడి చేతిలో ఆ కాగితం. టౌన్లో చదివే వాళ్ల పిల్లోడితో కాలేజీ కంప్యూటర్లోంచి తీయించుకున్నాడు. లోతు ఎంతో, ఏ పక్కన వేయాలో అన్నీ నేను చెప్పినవే, అందులో ఉన్నాయి.

"వద్దు మరిదీ. ఊరు తాగుతాండాది ఈ నీళ్లు. ఇద్దరివీ పోతాయి."

"నా చెట్లు ఎండేటప్పుడు నువ్వు గట్టు మీద నుంచోని చూసినావు కదా వదినా. దుమ్మని చెప్పినావు. ఇదే గట్టు. నేను నిన్ను ఎన్నిసార్లు అడిగినా చెప్పు."

చాలాసార్లు అడిగాడు. దండం పెట్టి కూడా అడిగాడు ఒకసారి. నేను పక్కకు జరిగాను.

వాడికి వేలంత ధార పడింది. వారానికి మనది అంతకు అంత తగ్గింది. ఇప్పుడు ఊరికిస్తే చెట్లకు లేవు, చెట్లకిస్తే ఊరికి లేవు. మీ తాత రెండు రోజులు తోటలోనే తిరిగాడు. మూడో రోజు పొద్దున చెట్లకు పోయే కాలువలో మట్టి కొట్టి మూసేశాడు. నన్ను అడగలేదు. చీనీ కాయలు నిమ్మకాయలంత ఉన్నప్పుడే రాలడం మొదలుపెట్టాయి. కింద పడితే చప్పుడు కూడా రాదు, అంత తేలికగా ఉండేవి. ఆకు రాలింది, బెరడు పగిలింది. ఆయన ఒక్కో వరసా గొడ్డలితో కొట్టుకుంటూ వచ్చాడు. కూలివాళ్లను పెట్టుకోలేదు.

సగం తోట కొట్టేశాక ఆ కాలేజీ పిల్ల వచ్చింది. దిద్దిన పుస్తకం మాకొకటి ఇవ్వాలని తెచ్చింది. మీ తాత గొడ్డలి కింద పెట్టి, మొద్దు మీద కూర్చుని, "చదువు పాపా" అన్నాడు. ఆ పిల్ల మన పేజీ అంతా చదివింది. ఆయన తల వంచుకుని విన్నాడు. కాలేజీలో నేను ఏం చెప్పానో ఆయన అప్పుడే పూర్తిగా విన్నాడు.

"చెట్లు ఎన్ని ఉండేవో రాసినావా?" అని అడిగాడు.

"లేదు పెదనాయనా. ఇది బోర్ల గురించి కదా. చెట్లకి దీంట్లో గడి లేదు."

"లేదా?"

"లేదు."

ఆయన ఇంకేదో అడుగుతాడని ఆ పిల్ల పెన్ను తీసి కాసేపు చూసింది. ఆయన లేచి, గొడ్డలి తీసుకుని, మిగిలిన వరసలోకి పోయాడు. ఆ పిల్ల పుస్తకం తొట్టి గట్టు మీద పెట్టింది. గాలికి పేజీలు లేస్తుంటే ఒక రాయి పెట్టింది. తర్వాత చున్నీ నడుముకు చుట్టుకుని, ఆయన నరికిన కొమ్మలు ఒక్కొక్కటే ఈడ్చి కుప్ప వేయడం మొదలుపెట్టింది. నేనూ పోయి ఇంకో పక్క పట్టుకున్నాను. బస్సు వేళ దాకా ముగ్గురం ఆ వరసలోనే ఉన్నాం.